జారిపోయే పోకర్ చిప్స్‌కి మళ్లీ పట్టు ఎలా వస్తుంది? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

  ఈ రోజు టాపిక్ చిప్స్. తినేవి కాదు. పోకర్ టేబుల్ మీద డబ్బుకి బదులు పెట్టే గుండ్రటి బిళ్లలు ఉంటాయి కదా, అవి. చేతిలోంచి జారిపోతుంటే, దొంతరగా పేరిస్తే నిలబడకుండా కూలిపోతుంటే ఏం చేయాలి, ఏం అస్సలు చేయకూడదు, అదీ సంగతి.

ఈ టాపిక్ ఎందుకంటే, డాలస్ దగ్గర ఉండే ఒక సబ్‌స్క్రైబర్ తమ్ముడు పెద్ద మెసేజ్ పెట్టాడు. చదువుతా వినండి. "అన్నా, మేం ఎనిమిది మంది ఫ్రెండ్స్ నెలకోసారి కలుస్తాం. ఒక్కొక్కళ్లం 20 డాలర్లు పెట్టుకుని ఆడతాం, అంతకు మించి లేదు. అల్యూమినియం పెట్టెలో వచ్చే 500 చిప్స్ సెట్ కొన్నా. కొన్న రోజు నుంచీ సబ్బుబిళ్లల్లా జారుతున్నాయి. పోయిన నెల ఒకడి దొంతర మొత్తం కూలి పాట్‌లో కలిసిపోయింది. వాడివెన్ని, పాట్‌వెన్ని అని గొడవ. కాలేజీ నుంచి ఒకే రూమ్‌లో ఉన్న ఇద్దరు ఇప్పుడు మాట్లాడుకోవట్లేదు. ఒక వీడియోలో శాండ్ పేపర్‌తో రుద్దితే సరిపోతుందన్నారు. రుద్దేయనా? ఇంకోటి, మొన్న ఒక గరాజ్ సేల్‌లో పాత కేసినో చిప్స్ ఒక డబ్బా దొరికాయి. అవీ నున్నగా అయిపోయి ఉన్నాయి. మా పాపకి రెండేళ్లు, దానికి ఆ రంగులు భలే ఇష్టం. రెండు సెట్లకీ ఒకే వైద్యం చేయొచ్చా?"

తమ్ముడూ, నీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తా, ఎందుకంటే అదే అర్జెంటు. ఆ పాత డబ్బాని శాండ్ పేపర్‌తో ముట్టుకోకు. పాపకి అందకుండా పైన పెట్టేయ్. కారణం కొంచెం సేపట్లో చెప్తా.

ఇక్కడ మన తెలుగు రాష్ట్రాల్లో చూస్తున్నవాళ్లకి ఒక మాట. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టాలు సవరించి బాగా బిగించారు. డబ్బు పెట్టి ఆడకండి, అంతే. టెక్సాస్ సంగతి వేరు. అక్కడ ప్రైవేటు ఇంట్లో, గెలిచినవాడికి తప్ప ఇంకెవరికీ లాభం లేకుండా, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. ఇల్లు ఇచ్చినాయన కమీషన్ తీసుకున్నాడంటే మాత్రం కథ మారిపోతుంది. డబ్బు లేకుండా ఆడుకునేవాళ్లు, బిజినెస్ గేమ్‌లో నోట్లు చిరిగిపోయి వాటి బదులు ఈ బిళ్లలు వాడేవాళ్లు కూడా ఉన్నారు. జారుడు సమస్య అందరికీ ఒకటే.

సరే, అసలు విషయానికొద్దాం. చిప్ అంటే ఏంటి, దేంతో చేస్తారు? ఇది తెలియకుండా క్లీనింగ్ మొదలుపెట్టకూడదు.

మనకి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి, పెట్టెలో వచ్చేవి, అచ్చులో పోసిన ప్లాస్టిక్. లోపల ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. నమ్మకపోతే ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి, అతుక్కుంటుంది. అంచు చుట్టూ పాచికల బొమ్మలో, పేక గుర్తులో ఉంటాయి. బరువు 11.5 గ్రాములు, 13 గ్రాములు, 14 గ్రాములు అని గొప్పగా రాస్తారు. "హెవీగా ఉంది బ్రో, కేసినో క్వాలిటీ" అంటారు చూడండి, అది ఉత్త మాట. అమెరికా కేసినోల్లో వాడే అసలు క్లే చిప్స్ చాలావరకు 10 గ్రాముల లోపే ఉంటాయి. లోపల ఇనుము ఉండదు. బరువు ఎక్కువైతే పట్టు ఎక్కువ అనుకోవడం కూడా తప్పే. పట్టు వచ్చేది పైపొరలోంచి, లోపలి ఇనుములోంచి కాదు.

రెండో రకం, క్లే. పేరు బంకమట్టే కానీ కుండలాగా బట్టీలో కాల్చింది కాదు. మట్టి లాంటి ఖనిజాలు, జిగురు పదార్థాలు కలిపి, వేడి చేసి, గట్టిగా అదిమి చేస్తారు. పాల్సన్ అనే బ్రాండు బాగా ఫేమస్. అంచు చుట్టూ టోపీ, చేతికర్ర బొమ్మలు ఉంటే దాదాపు అదే. ఆ చిప్ కొత్తది ఉంటే లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి. ముఖం మీద సన్నటి గళ్లు కనిపిస్తాయి, నేతబట్ట మీద పోగుల్లాగా. పట్టు అంతా ఆ గళ్లలో ఉంది. కేసినోలో కొన్నేళ్లు వేల చేతులు మారేసరికి ఆ గళ్లు అరిగిపోతాయి, అంచులు గుండ్రం అవుతాయి. పాత రూపాయి బిళ్ల మీద బొమ్మ అరిగినట్టు.

మూడో రకం, సిరామిక్ అంటారు. ఇవీ కప్పూసాసర్ల పింగాణీ కాదు, గట్టి ప్లాస్టిక్ జాతే. చిప్ మొత్తం మీద, అంచుతో సహా, బొమ్మ ప్రింట్ అయి ఉంటుంది. స్టిక్కర్ ఉండదు.

ఇప్పుడు, ఎందుకు జారతాయి? కేరమ్ బోర్డు గుర్తు తెచ్చుకోండి. కాయిన్స్ జారాలి కాబట్టి బోరిక్ పౌడర్ చల్లుతాం. ఆ పౌడర్ కాయిన్‌కీ బోర్డుకీ మధ్యలో చేరి రెండింటినీ ఒకదాన్నొకటి సరిగా తగలనివ్వదు. పోకర్ చిప్ మీద కూడా ఇలాంటి పొరే ఉంటుంది, మనం చల్లకపోయినా. ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ అచ్చుకి అతుక్కోకుండా ఒక జారుడు పదార్థం వాడతారు. అది కొంత చిప్ మీద మిగిలిపోతుంది. కొత్త చిప్స్ జారడానికి పెద్ద కారణం ఇదే. తర్వాత మన వంతు. మిర్చి బజ్జీ తిన్న చెయ్యి, పిజ్జా చెయ్యి, హ్యాండ్ క్రీమ్, చెమట. అలా జిడ్డు మీద జిడ్డు పేరుకుంటుంది.

ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు. చిప్ చదునుగా లేకపోవడం. మధ్యలో స్టిక్కర్ అంచుకంటే ఒక్క పిసరు ఎత్తుగా ఉన్నా, పై చిప్ ఆ మధ్య భాగం మీదే కూర్చుంటుంది. బొంగరంలా తిరుగుతుంది. దీనికి ఎంత తోమినా లాభం లేదు. గాజు మీద చిప్ పెట్టి వేలితో ఒక్కసారి తిప్పండి. టక్కున ఆగిందా, పర్లేదు. గిర్రున తిరుగుతూనే ఉందా, అది అచ్చులోనే ఉన్న లోపం. అలాంటివి ఏరి పక్కన పెట్టండి. 500లో ఓ ముప్పై అలాంటివి తేలితే, ఆ ముప్పై తీసేయడంతోనే సగం దొంతరలు నిలబడతాయి.

ఇప్పుడు టెస్ట్. ఇది నాకు బాగా ఇష్టమైన పార్ట్, ఎందుకంటే మీ ఫోన్ చాలు. ఫోన్‌లో లెవల్ యాప్ ఉంటుంది, వాలు ఎన్ని డిగ్రీలో చూపిస్తుంది. ఒక గట్టి అట్ట తీసుకోండి. దాని మీద ఒక చిప్‌ని డబుల్ సైడ్ టేప్‌తో అంటించండి. దాని మీద ఇంకో చిప్ ఊరికే పెట్టండి. ఫోన్ కూడా అదే అట్ట మీద టేపుతో బిగించి, ఒక వైపు నుంచి నెమ్మదిగా పైకెత్తండి. పై చిప్ జారిన క్షణంలో ఎన్ని డిగ్రీలు ఉందో చూసుకోండి. అయిదుసార్లు చేసి సగటు తీయండి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? జారిన కోణం టాంజెంటే ఘర్షణ గుణకం. 10 డిగ్రీలకి జారితే సుమారు 0.18. 15 డిగ్రీలకి 0.27. 20కి 0.36. 25కి 0.47. అంటే 10 నుంచి 20కి పెరిగిందంటే పట్టు రెట్టింపు అయినట్టు. ఇంటర్‌లో బట్టీపట్టిన ఫార్ములా ఎక్కడ పనికొస్తుందా అనుకున్నాం కదా, ఇదిగో, ఇక్కడ.

ఈ నంబరు ఎందుకంటున్నానంటే, "ఏదో బాగానే ఉన్నట్టుంది" అనే ఫీలింగ్‌తో మనవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగాలు చేసి సెట్ పాడుచేసుకుంటారు. ముందు నంబరు రాసుకోండి. ఒక పని చేయండి. మళ్లీ కొలవండి. పెరిగిందా, అక్కడ ఆగిపోండి.

మొదటి పని, కడగడం. ఇది ప్లాస్టిక్ సెట్‌కి చెప్తున్నా. గోరువెచ్చటి నీళ్లు, అందులో అంట్లు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు. మెత్తటి టూత్ బ్రష్, పాతదైతే ఇంకా మంచిది. ఒకసారి పది చిప్స్ తీసుకోండి. నానబెట్టకండి, ఈ మాట రెండుసార్లు చెప్తా, నానబెట్టకండి. స్టిక్కర్ కిందికి నీళ్లు దిగితే అది ఉబ్బుతుంది. ఉబ్బితే ఇందాక చెప్పిన బొంగరం కేసు మీరే తయారుచేసుకున్నట్టు. ముంచి, రెండు వైపులా, అంచు చుట్టూ తోమి, మంచి నీళ్లలో కడిగి, వెంటనే పాత కాటన్ లుంగీ మీదో, టవల్ మీదో ఆరబెట్టండి. సబ్బు మిగిలితే అదే మళ్లీ జారుడు పొర, కాబట్టి రెండోసారి మంచి నీళ్లలో తీయండి. ఎండలో వద్దు, నీడలో ఒక రాత్రి.

డిష్‌వాషర్‌లో వేస్తే అయిపోతుంది కదా అంటారు. ఆ వేడికి స్టిక్కర్లు లేచిపోతాయి, కొన్ని చిప్స్ వంగుతాయి. బంగారు రంగు అక్షరాలు అద్దినవి ఉంటే వాటి మీద బ్రష్ కూడా గట్టిగా వేయకండి, ఆ పూత పొడిలా రాలిపోతుంది.

500 చిప్స్ కడగాలంటే ఓపిక కావాలి, నిజమే. ముందు ఇరవై కడిగి కొలవండి. కొత్త ప్లాస్టిక్ సెట్లలో జిడ్డే అసలు దోషి అయితే ఈ ఒక్క పనితోనే తేడా చేతికి తెలిసిపోతుంది. అప్పుడు మిగతావి ఒక సినిమా పెట్టుకుని కూర్చుని చేసేయొచ్చు. ఎనిమిది మంది ఆడతారు కదా, ఒక్కొక్కడికి అరవై చొప్పున పంచేయ్ తమ్ముడూ, నువ్వొక్కడివే ఎందుకు తోమాలి?

కడిగాక కూడా జారుతున్నాయి, చదునుగానే ఉన్నాయి అంటే, పైపొర మరీ నున్నగా ఉందని అర్థం. అప్పుడు రెండో మెట్టు. తెల్లటి మెలమైన్ స్పాంజ్ దొరుకుతుంది, గోడల మీద పెన్సిల్ గీతలు చెరిపేది. చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ అది చాలా సన్నటి ఉప్పు కాగితం లాంటిదే. తడిపి, పిండి, స్టిక్కర్‌ని వదిలేసి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు మీద నాలుగైదుసార్లు తిప్పండి. మెరుపు కొద్దిగా తగ్గాలి, అంతే. మళ్లీ కడిగి కొలవండి. వంటసోడా ముద్దగా చేసి బ్రష్‌తో రుద్దినా దాదాపు ఇదే పని జరుగుతుంది, కాకపోతే కడగడం ఎక్కువ.

ఇక శాండ్ పేపర్. ప్లాస్టిక్ సెట్‌కి ఇది చేయొచ్చు, కానీ చివరి మెట్టుగా. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అంటే ఇస్తారు, 400 గానీ 600 నంబరు గానీ. పేరులోనే ఉంది, తడిపి వాడాలి. పొడిగా రుద్దితే ప్లాస్టిక్ దుమ్ము ముక్కులోకి పోతుంది. పేపర్‌ని గాజు పలక మీద పరిచి నీళ్లు చల్లి, చిప్‌ని దాని మీద బోర్లా పెట్టి ఎనిమిది అంకె గీసినట్టు అయిదుసార్లు, బరువు వేయకుండా. స్టిక్కర్ లోతుగా కూర్చుని ఉంటేనే ఇది కుదురుతుంది, లేకపోతే ముందు అరిగేది స్టిక్కరే. ఇంకా, చేస్తే మొత్తం సెట్‌కి చేయాలి. సగం గరుకుగా సగం నున్నగా ఉంటే, ముట్టుకుని ఏ చిప్ ఏదో చెప్పేయొచ్చు. ఆటలో అది ఇంకో తలనొప్పి.

నా అభిప్రాయం అడిగితే, చవక సెట్‌కి మూడో మెట్టు దాకా వెళ్లడం దండగ. అయిదు వందల చిప్స్, రెండు వైపులా, అంటే వెయ్యి ముఖాలు. ముఖానికి అర నిమిషం వేసుకున్నా ఎనిమిది గంటల పైనే. దానికంటే గరుకు ముఖం ఉన్న సెట్ ఒకటి అందరూ కలిసి కొనుక్కోవడం మేలు.

అస్సలు చేయకూడనివి గబగబా చెప్తా. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ వద్దు. అందులో ఉండే అసిటోన్ ఈ జాతి ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. టూత్ పేస్ట్ వద్దు, అది పాలిష్ చేస్తుంది, ఇంకా నున్నగా అవుతుంది. చింతపండుతో తోమమని ఒక అక్క కామెంట్ పెట్టింది. అక్కా, ఇత్తడి చెంబుకి అది సూపర్, ఎందుకంటే పులుపు ఇత్తడి మీది చిలుముని కరిగిస్తుంది. ప్లాస్టిక్‌కి చిలుము పట్టదు, కరగడానికి ఏమీ లేదు.

అన్నిటికంటే చెత్త ఐడియా, పట్టు కోసం ఏదైనా జిగట స్ప్రే కొట్టడం. రెండు చిప్స్ అతుక్కుని ఒకటిగా లెక్కలోకి వెళ్లిపోతాయి. పైగా అరచేతికి జిగురు రాసుకుని, గెలిచినవాడికి పాట్ తోసి సాయం చేస్తున్నట్టు నటిస్తూ, ఒక చిప్ అతికించుకుని తీసుకుపోవడం పేకాట మోసాల్లో పాత మోసం. చిప్సే జిగటగా ఉంటే దొంగకి పని ఇంకా తేలిక, దొంగ కానివాడి మీద అనుమానం కూడా అంతే తేలిక.

ఇప్పుడు పాత డబ్బా దగ్గరికి వద్దాం. తమ్ముడూ, ఇది జాగ్రత్తగా విను.

1990లకి ముందు తయారైన క్లే చిప్స్‌లో కొన్నిటికి బరువు కోసం సీసం కలిపేవాళ్లు. సీసం అంటే మామూలు విషయం కాదు. అన్ని చిప్స్‌లోనూ ఉందని కాదు, కానీ చూసి చెప్పలేం. అదే మోడల్ కొత్త చిప్ కంటే బరువుగా ఉంటే అనుమానించాలి, అయితే తేలిగ్గా ఉందని ధీమాగా ఉండటానికీ లేదు. బిళ్ల బిళ్లగా ఉన్నంతవరకు పెద్దవాళ్లు పట్టుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే ప్రమాదం తక్కువ. దాన్ని శాండ్ పేపర్‌తో రుద్దితే మాత్రం సీసం దుమ్ము అయి గాల్లోకి, టేబుల్ మీదికి, కార్పెట్‌లోకి వెళ్తుంది. రెండేళ్ల పాప ఆ కార్పెట్ మీదే పాకుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు పర్లేదు అనే గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

నీ మెసేజ్‌లో పాపకి ఆ రంగులు ఇష్టం అన్నావు. ఇప్పటికే నోట్లో పెట్టుకుని ఉంటే కంగారు పడకు, కానీ పిల్లల డాక్టర్‌కి ఈ విషయం ఉన్నది ఉన్నట్టు చెప్పు. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష ఉంది. అమెరికాలో చాలామంది పిల్లలకి ఒకటి, రెండేళ్ల వయసులో ఎలాగూ చేస్తారు. అడిగి చేయించు. ఈ ఎపిసోడ్‌లో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క పని రేపే చెయ్.

పాత చిప్స్‌లో ఇంకా పాతవి ఉంటాయి. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో మట్టిని లక్కతో కలిపి చిప్స్ చేసేవాళ్లు. అంతకు ముందు దంతం, ఎముక, ముత్యపు చిప్ప. లక్క అంటే మనకి కొత్తేం కాదు, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు చేసేది దాంతోనే. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే బంక అది. దానికి ఒక గుణం ఉంది, స్పిరిట్‌లో కరిగిపోతుంది. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లో ఉన్నది కూడా ఆల్కహాలే కదా. అందుకే తాతల నాటి చిప్ దొరికితే శానిటైజర్‌తో తుడవకండి. పైపొర మెత్తబడి, మీ వేలిముద్ర దాని మీద అలాగే ఉండిపోతుంది.

మరి పాత క్లే చిప్స్‌ని ఏం చేయాలి? సీసం లేదని తెలిసిన క్లే అయితే, తడి గుడ్డ, ఒక చుక్క సబ్బు, మెల్లగా తుడవడం, వెంటనే పొడిగుడ్డ. ఆరాక తెల్లగా సుద్దపట్టినట్టు కనిపిస్తాయి. భయపడకండి, మురికితో పాటు పైన ఉన్న నూనె కూడా పోయింది, అంతే. కలెక్టర్లు ఇక్కడ మినరల్ ఆయిల్ చాలా పల్చగా రాస్తారు, రంగు మళ్లీ లేచి వస్తుంది. చిక్కు ఏంటంటే, ఎక్కువ రాస్తే చిప్స్ మళ్లీ జారతాయి. చాలామంది "కడిగినా జారుతున్నాయన్నా" అని అడిగేది ఈ నూనె వల్లే. గుడ్డకి రాసి, ఆ గుడ్డతో చిప్ తుడవాలి, చిప్ మీద నూనె పొయ్యకూడదు. తర్వాత కాగితం మధ్యలో పెట్టి రెండు మూడు రోజులు వదిలేస్తే మిగిలింది కాగితం పీల్చుకుంటుంది. ఇంట్లో ఉంది కదా అని నువ్వుల నూనె, కొబ్బరి నూనె రాయకండి. వంట నూనెలు నాళ్లు గడిచే కొద్దీ జిగటగా మారి కంపు కొడతాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అరిగిపోయిన గళ్లు తిరిగి రావు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన ఆకారం అది. ఇంట్లో శాండ్ పేపర్‌తో వచ్చేవి గీతలు, గళ్లు కాదు. పైగా మూతపడిన కేసినో చిప్ అయితే కొనేవాళ్లు ఉంటారు, గీతలు పడితే ధర పడిపోతుంది. నీ డబ్బాలో ఏ కేసినో పేర్లు ఉన్నాయో చూసి, కలెక్టర్ల దగ్గర వాకబు చెయ్. ఆటకి వాడకు. ఒక మూత ఉన్న పెట్టెలో పెట్టి ఎత్తైన షెల్ఫ్ మీద ఉంచు, లేదా అమ్మేయ్.

చివరికి టేబుల్. దీన్ని అందరూ మర్చిపోతారు. గ్రానైట్ మీదో గాజు డైనింగ్ టేబుల్ మీదో ఆడుతూ చిప్స్‌ని తిడితే ఎలా? కింది చిప్‌కే ఆధారం లేకపోతే పైవి ఏం నిలబడతాయి. మన ఊళ్లలో పేకాటకి కూర్చుంటే ముందు దుప్పటి పరుస్తారు కదా, ఊరికే కాదు. మందపాటి దుప్పటి గానీ, యోగా మ్యాట్ లాంటి రబ్బరు మ్యాట్ గానీ ముడతలు లేకుండా పరిచి చూడండి. దొంతర ఇరవై దాటనివ్వకండి. ఇరవై చొప్పున పక్కపక్కన పెడితే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, లెక్కా కంటికి కనిపిస్తుంది. కేసినోల్లో కూడా ఇరవై చొప్పునే పేరుస్తారు. పెద్ద విలువ ఉన్నవి ముందు వరసలో, వెనక దాచకుండా.

ఇక ఆ ఇద్దరి గొడవ. దొంతర కూలి పాట్‌లో కలిసిపోతే ఎవరివెన్నో తేలదు అనుకుంటారు. తేలుతుంది, మొదట్లో ఎంత డబ్బుకి చిప్స్ ఇచ్చారో రాసి ఉంటే చాలు. ఎనిమిది మంది, తలా 20 డాలర్లు, మధ్యలో ఎవరూ ఇంకా కొనలేదనుకుందాం. మొత్తం 160 డాలర్ల చిప్స్ టేబుల్ మీద ఉన్నాయి. కూలని ఏడుగురి దొంతరలు లెక్కపెట్టండి, 109 వచ్చింది అనుకోండి. ఆ చేతిలో ఎవరెవరు ఎంత పందెం వేశారో రౌండ్ రౌండ్‌గా అందరూ కలిసి గుర్తు చేసుకోండి, కూలినవాడు వేసింది కూడా కలిపి పాట్ 27 అని తేలింది అనుకోండి. 160లోంచి 109, 27 తీసేస్తే 24. అవి ఆ కూలినవాడివి. కలిసిపోయిన కుప్పలో ఏ బిళ్ల ఎవరిదో విడదీయాల్సిన పనే లేదు, విలువ పంచితే చాలు. కొన్నవాళ్ల లెక్క ఫోన్‌లో ఒక నోట్ తీసి రాయండి, ఎవరైనా మళ్లీ కొంటే అందులోనే కలపండి.

తమ్ముడూ, పోయిన నెల ఆట లెక్క నీ దగ్గర రాసి ఉంటే, ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఇదే లెక్క వెయ్. రాసి లేకపోతే ఆ పాట్‌ని చెరి సగం చేసెయ్. 20 డాలర్ల ఆట అది. ఇరవై చిప్స్ కడిగాక నీ కోణం ఎంత నుంచి ఎంతకి పెరిగిందో కింద కామెంట్‌లో రాయి. మిగతా వాళ్లు కూడా మీ సెట్ ఏ రకమో, కడగక ముందు ఎన్ని డిగ్రీలు, కడిగాక ఎన్ని డిగ్రీలు, ఈ మూడూ రాయండి. పాప పరీక్ష రిజల్ట్ మాత్రం కామెంట్‌లో వద్దు, నాకు విడిగా మెసేజ్ పెట్టు.